నిద్రమందు

పాలిచ్చే వేళకు తల్లులు నూలు మిల్లులోని పిల్లల గదికి పరుగెత్తుకొచ్చారు. ఊయలల్లో పిల్లలంతా మత్తుగా పడి ఉన్నారు. కండెలు చుట్టే అమ్మాయి తన కూతుర్ని ఎత్తి రొమ్ముకు ఆనించుకుంది. బిడ్డ నోరు తెరవలేదు. బుగ్గ తట్టింది, అరికాలు గిల్లింది. ఆ తర్వాత ఆమె పెట్టిన కేక మిషన్ల షెడ్డు చివరిదాకా వినబడింది.

బిడ్డ జ్వరంతో చనిపోయిందన్నాడు సూపర్‌వైజరు. అందర్నీ మళ్లీ పనిలోకి తోలాడు.

గేటు బయట ఆ మాట విన్న జోలమ్మ నమ్మలేదు. మొన్నటిదాకా ఆ గదిలో ఆయా ఆమే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చందమామనూ, ఇల్లు పట్టని మొగుణ్నీ, అత్త ఎత్తిపొడుపుల్నీ, కాళ్ల నొప్పుల్నీ కలిపి ఆమె పాడే జోల కిటికీలోంచి షెడ్డులోకి వినిపించేది. అది వినిపిస్తున్నంతసేపూ తల్లుల మనసు కుదుటగా ఉండేది. ఆగితే ఎవరో ఒకరు మిషను వదిలి చూసొచ్చేవారు. అదే యాజమాన్యానికి కంట్లో నలుసైంది. పాట మాని నిద్రమందు పట్టమన్నారు. జోలమ్మ సీసా వెనక్కి నెట్టింది. ఆ పూటే గెంటేశారు. తల్లులకు చెప్పబోతే, పని పోయిన కడుపుమంట అనుకున్నారు. కొత్త ఆయా మాత్రం యాజమాన్యం చెప్పినట్టల్లా మందు పట్టింది.

షిఫ్టు దిగి అందరూ గేటు బయట కుళాయి దగ్గర చేరారు. జోలమ్మ చెప్పిన మందు సంగతి ఇప్పుడు నమ్మారు. ఎదురు తిరిగితే ఉన్న పిల్లలకు ఏం పెడతామని కొందరు, ఊరుకుంటే అసలు పిల్లలే మిగలరని కొందరు గొడవపడ్డారు. జోలమ్మ చాలాసేపు విని, నోరు తెరిచింది.

"మన బాధలన్నీ జోలపాటలో పెట్టి పిల్లలకే చెప్పుకున్నాం. ఎందుకే? వాళ్లకి అర్థం కాదని ధైర్యం. అర్థమయ్యేవాళ్ల ముందు ఒక్కసారైనా నోరు విప్పామా?"

బిడ్డను పోగొట్టుకున్న అమ్మాయి లేచి నిలబడింది.

"రేపు మీ పిల్లల్ని ఎత్తుకుని షెడ్డులోకే రండి అక్కా. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. ముందు నేను నడుస్తా."

మర్నాడు ఉదయం ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని తిన్నగా మిషన్ల మధ్యకు వెళ్లి కూర్చున్నారు. జోలమ్మనూ గేటు దాటించి తమతో తీసుకెళ్లారు. దూది విడదీసే మగవాళ్లు పని వదిలి వాళ్ల వెనక నిలబడ్డారు. ఆ సీసాలో ఏముందో డాక్టరు తేల్చాలన్నారు తల్లులు, మందు పట్టమన్నవాణ్ని పట్టుకోవాలన్నారు. ఎవరో జోల అందుకున్నారు. పాత రాగమే, మాటలే మారాయి:

"నిదరపోకు చిట్టితల్లీ, నిదర మంచిది కాదు
సీసా పట్టిన చెయ్యెవరిదో చూసి మరీ ఏడువు"

మేనేజరు పిలిస్తే పోలీసులు దిగారు. బయటి మనిషి లోపల చొరబడిందంటూ జోలమ్మను ఈడ్చుకెళ్లి వ్యాన్లో పడేశారు. ఆడవాళ్లు వెంటపడి వ్యానుకు అడ్డంగా కూర్చున్నారు. లాఠీలు లేచాయి. ఒక పసివాడు జడుసుకుని ఏడ్చాడు. వాణ్ని చూసి ఇంకొకరు, ఆ తర్వాత అందరూ.

"ముందు ఆ పిల్లల్ని ఊరుకోబెట్టండి," అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

ఒక తల్లి చెయ్యి అలవాటుగా బిడ్డ వీపు మీదికి పోయింది. కండెలు చుట్టే అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనియ్యి."

ఒక్క తల్లీ ఊరుకోబెట్టలేదు. పక్క మిల్లువాళ్లు గోడెక్కి చూశారు. కాసేపటికి ఆ మిల్లులోని మిషన్ల హోరూ తగ్గి తగ్గి ఆగిపోవడం వ్యాన్లోంచి జోలమ్మ విన్నది.