పూలయ్యేదాకా

మా తమ్ముడికి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయని కబురొచ్చిన రోజు పెరట్లో షాస్తా డైసీలు విరగబూసి ఉన్నాయి. తెల్లటి రేకులు, నడుమ పసుపుపచ్చ బొడ్డు, మోకాలెత్తు కాడలు. అక్క వాటి పక్కనే పీట మీద కూర్చుని ఫోనులో అంతా విని, "వస్తాన్రా, నేనొచ్చి చూసుకుంటా" అంది. నన్ను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. వాడు బస్సు నడిపి రిటైరైనవాడు. భార్య పోయి నాలుగేళ్ళు, ఒక్క గదిలో ఒక్కడే. ఆ గదిలో ఇంకొక మంచం పడుతుంది గాని మూడోది పట్టదు. కనుక వెళ్ళేది అక్క, మిగిలేది నేను.

నాకు ఎవరు ఎక్కడికి బయల్దేరినా గుండె దడ. రైలు కదిలేటప్పుడు కిటికీ వైపు చూడలేను. "ఇస్త్రీకిచ్చిన బట్టల మీద కూడా బెంగ పెట్టుకుంటావు కదే కంగారమ్మా" అని అక్క వెక్కిరిస్తుంది.

అక్క ఒక్క షరతు పెట్టింది. పురుటి ఆసుపత్రిలో ఆయాగా చేసే రోజుల్లో అక్కడి తోటలోంచి పిలక తెచ్చి ఆ డైసీల దుబ్బు నాటింది తనే. మూడేళ్ళకోసారి దాన్ని తవ్వి, ఎండిన నడుమంతా తీసేసి, చుట్టూ ఉన్న పిలకల్ని విడదీసి నాటుకోవాలి. లేకపోతే బతకదు. ఈ ఏడు ఆ పని పడింది. సగం తను తీసుకెళ్తానంది, సగం నాకు. పూల మీదుండగా తవ్వితే రెండు సగాలూ చస్తాయి కనుక పూలయ్యేదాకా ఆగుతానని, మహా అయితే మూడు వారాలని తమ్ముడికి చెప్పింది. అందాకా వాడి మంచీ చెడ్డా చూడమని వాడి పక్కింటావిడను బతిమాలుకుంది.

మూడు వారాలన్న మాట నాకు ముద్ద దిగనివ్వలేదు. నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. లైబ్రరీ నుంచి పూలమొక్కల పుస్తకం తెచ్చుకుని వేలు పెట్టుకుని చదివాను. వాడిన పువ్వును గింజ పట్టకముందే కాడతో కత్తిరిస్తే మొక్క మళ్ళీ మొగ్గ తొడుగుతుందని అందులో ఉంది.

మర్నాటి నుంచి అక్క లేవకముందే కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళేదాన్ని. రేకు కాస్త ముడుచుకున్నా చాలు, కత్తిరించి కాగితంలో చుట్టి గోడవతల చెత్తకుప్పలో వేసేదాన్ని. అక్కకు చూపు మసక. తెల్లగా ఏదైనా కనిపిస్తే పూలున్నాయనే అనుకునేది. మూడు వారాలయ్యాయి, ఐదయ్యాయి. చిన్నచిన్న పూలు, రూపాయి బిళ్ళంతవి, వస్తూనే ఉన్నాయి. ఆకులు పాలిపోయాయి. నేను చూడనట్టే ఉన్నాను.

తమ్ముడు ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. "పెద్దక్కా, ఆ పూలింకా అవలేదా? నా బస్సు కూడా ఎప్పుడూ ఇంత లేటు రాలేదే" అనేవాడు. అక్క నవ్వేది. నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

ఏడో వారంలో పక్కింటావిడ ఫోను చేసింది. పొద్దున టీ ఇవ్వబోతే వాడు లేవలేదట.

ఇద్దరం వెళ్ళాం. అన్నీ అయ్యాక ఆ గదిలో కూర్చున్నాం. గోడవారగా రెండో మంచం వేసి ఉంది, ఉతికిన దుప్పటి పరిచి. కిటికీ దగ్గర ఒక ప్లాస్టిక్ తొట్టి, నిండా మట్టి. కుడి చేత్తోనే జల్లించి నింపాడని, గట్టిపడకుండా ఆ ఉత్త మట్టికి రోజూ నీళ్ళు చల్లేవాడని పక్కింటావిడ చెప్పింది. అక్క అందులో వేలు గుచ్చి చూసింది.

తిరిగొచ్చిన నాలుగో రోజు అక్క గునపం తీసింది. మేం లేని రోజుల్లో పూలన్నీ నల్లబడిపోయాయి. ఇప్పుడిక ఎవరి కోసం విడదీయడమని నేనడగలేదు. ఆవిడ కాడలు పట్టుకుంది, నేను తవ్వాను. దుబ్బు ఒక్క పెళ్ళగింపుకే పైకొచ్చింది. బరువే లేదు. నడుమంతా కట్టె. వేళ్ళు ముట్టుకుంటే రాలిపోయాయి. ఒక పక్కన ఒకే ఒక్క పిలక, చిటికెన వేలంత, రెండు తెల్లటి వేళ్ళతో బతికి ఉంది.

"నేనే అక్కా" అన్నాను. "రోజూ పొద్దున్నే..."

"తెలుసు" అంది. "కత్తెర చప్పుడు వినపడేది. చూపు పోయింది గాని చెవులు పోలేదుగా."

"మరి అడగలేదేం?"

ఆవిడ చేతికంటిన మట్టి దులుపుకుంది.

"అడిగితే మానేసేదానివి. మానేస్తే నేను వెళ్ళాలిగా."

ఎండెక్కుతోంది. వేళ్ళు ఆరిపోతాయని పిలకను తడిగుడ్డలో చుట్టి చెయ్యి నా వైపు చాచింది. నేను అందుకోలేదు. ఆవిడా కింద పెట్టలేదు.