మూలుగకు వినపడని కబురు

నల్లబోర్డు ముందు సీసాను ఏటవాలుగా పట్టుకుని, దీపం వెలుతురులో దాని అడుగు చూసిందామె. ఉందా లేదా అన్నట్టు తెల్లటి పొర. ఉంది. పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. చిటికెనవేలంత సీసాలు, ట్రేకి రెండు వందలు. ఇరవయ్యారేళ్లుగా ఇదే పని. కంపెనీలో అందరికీ ఆమె కళ్లద్దాలక్క.

ఆ పొర మనిషి ఒంట్లో పుట్టే ఒక ప్రోటీన్. మూత్రపిండాలు దాన్ని తయారుచేసి పంపిస్తాయి. ఎర్ర రక్తకణాలు పుట్టించమని అది ఎముకల్లోని మూలుగకు కబురు చెబుతుంది. ఇక్కడ మనిషి జన్యువును ఇంకో జీవి కణాల్లో పెట్టి, వాటిచేత ఆ ప్రోటీన్ చేయించి, గడ్డకట్టించి ఆరబెడతారు. ప్రయోగశాలలవాళ్లు కొనుక్కుంటారు. మనుషులకు వాడరాదని ప్రతి సీసా మీదా చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల ఏమీ లేదని కొన్నవాళ్లు ఫిర్యాదు చేసినప్పుడల్లా, ఖాళీ సీసాలమ్ముకుని బతుకుతున్నామని ప్యాకింగ్ బాబాయి నవ్విస్తుంటాడు.

ఆమె భర్త మూత్రపిండాలు పాడై ఆరేళ్లయింది. బస్సు నడిపినన్నాళ్లూ నోరు మూతపడని మనిషి. ఇప్పుడు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుని వచ్చి మంచానికి అతుక్కుపోతాడు. చేతులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. మొదట్లో ఒకసారి, రెండు సీసాలు చీరకొంగున ముడేసుకుని పోతే ఎవరు చూడొచ్చారనిపించిందామెకు. ఆ వారమంతా తన చేతుల్ని తానే కనిపెట్టుకుని ఉంది. తర్వాత తెలిసింది, మనుషుల కోసం వేరేగా చేసిన అదే మందును ఆసుపత్రిలో ఇంజెక్షనుగా ఇస్తున్నారని. ఇచ్చారు. కొన్నేళ్లు పనిచేసింది. ఏడాదిగా చెయ్యడం లేదు. మోతాదు పెంచారు, మళ్లీ పెంచారు, ఇక పెంచకూడదన్నారు.

ఆ పొద్దున ఆమె దుప్పటి సర్దుతుంటే అతనే అన్నాడు.

"మీ మందు తప్పేం లేదే. నా మూలుగకే చెవుడొచ్చింది."

ఆమెకు నవ్వు రాలేదు. పెట్టగలిగిన సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి. పక్కింటి పిన్నిని అతని దగ్గర కూర్చోబెట్టి పనికి వచ్చేసింది.

భోజనాలయ్యాక పరీక్షల గది అమ్మాయి పిలిచింది. కిందటి వారం సీసాల్లోని ప్రోటీన్‌ను గిన్నెలో పెంచుతున్న కణాలకు ఇచ్చి చూసిందట. ఇన్నేళ్లయినా అక్క ఒక్కసారైనా చూడలేదు కదా అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. ఆమె కళ్లద్దాలు తీసి కన్ను ఆనించింది. ఎటు చూసినా గుండ్రటి కణాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఇసక వేస్తే రాలనంతగా.

"నాలుగు రోజుల కింద గుప్పెడున్నాయక్కా. చూడండి ఎంత బాగా పెరిగాయో."

ఆమె చాలాసేపు చూసింది.

"వీటికి వినపడిందన్నమాట," అంది.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, మళ్లీ నల్లబోర్డు ముందుకు వెళ్లి కూర్చుంది. సాయంత్రానికి మొత్తం నాలుగు ట్రేలు చూసింది. పొర కనిపించని మూడు సీసాలు పక్కకు తీసింది. తలుపు బయట బూట్ల తొడుగులు విప్పి, లోపలికి తేనివ్వని ఫోనును బీరువాలోంచి తీస్తే పిన్ని పన్నెండుసార్లు చేసి ఉంది. తిరిగి చెయ్యలేదామె. బస్సెక్కింది. సీటు ఖాళీగా ఉన్నా ఇంటిదాకా నిలబడే వచ్చింది.

గుమ్మంలో చెప్పులు చూడగానే తెలిసిపోయింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. పిన్ని చెయ్యి పట్టుకుంది.

"కాసేపు కళ్లు మూసుకుంటానన్నాడమ్మా. మరి తెరవలేదు."

ఎన్నింటికని అడిగిందామె. రెండున్నరకట. రెండున్నరకు తనేం చేస్తోందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మూడో ట్రే అయివుంటుంది. గుండె ఝల్లుమనలేదు. చేతిలో సీసా జారలేదు. ఇరవై ఏడేళ్లు పక్కన పడుకున్న మనిషి పోతే, ఆ కబురు ఆమె ఒంటికి అందనే లేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు, తర్వాత కూడా. మంచం అంచున కూర్చుని అతని పాదాల మీద దుప్పటి సరిచేసింది.

పిన్ని స్టూలు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ పండు నేనే ఇచ్చానమ్మా. గుండెకు ప్రమాదమని డాక్టరు కూడదన్నాడని తెలుసు. ఒక్కటంటే ఒక్కటని అడిగాడు, కాదనలేకపోయాను."

మంచం పక్కన స్టూలు మీద కమలాపండు ఉంది. తొక్క తెగకుండా చుట్టూ సగం దాకా ఒలిచి ఉంది. తొనలన్నీ అలాగే ఉన్నాయి.