హెస్టర్ వీపు మీద నీలం

హెస్టర్ గార్బట్‌ను ఊళ్ళో అందరూ ఏడిపించేది ఒక్క విషయంలోనే. తన ఇంటి పక్కనున్న కాటేజీని ఆమె జంటలకు తప్ప అద్దెకివ్వదు, తను మాత్రం ఒంటరిది. ఆ కాటేజీలో అన్నీ రెండేసి. రెండు కప్పులు, రెండు తువ్వాళ్ళు, కిటికీ దగ్గర రెండు కుర్చీలు, ఇద్దరు పట్టే స్నానాల తొట్టి. యాభయ్యెనిమిదేళ్ళ హెస్టర్ ప్రతి శనివారం ఆ తొట్టిని తోమడమే గాని ఒక్కనాడూ అందులో దిగిన పాపాన పోలేదు. నియమం పెట్టింది తనే, ఇక ఎవరిని తిట్టుకుంటుంది?

ఆమె మనసులో ఉన్నది విల్ఫ్ ఏగర్. వాగు అవతల గొర్రెలు పెంచుకునే మనిషి, పెళ్ళాం పోయి తొమ్మిదేళ్ళయింది. ఆరేళ్ళుగా కాటేజీ పొయ్యికి కట్టెలు తెచ్చి పడేస్తున్నాడు. పడేశాక టోపీ తీస్తాడు, చేతుల్లో గుండ్రంగా తిప్పుతాడు, నోరు తెరుస్తాడు. "వాన పడేట్టుంది," అంటాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. వానదేముంది, ఆ బీడు కొండల మీద అది రోజూ పడేదే! ఈ చలికాలమైనా ఆ మనిషి నోటి నుంచి ఇంకో మాట రాకపోతే తనకు పిచ్చెక్కడం ఖాయమని హెస్టర్ తేల్చుకుంది.

నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున, కాటేజీ ప్రచారానికి ఫోటోలు తీయడానికి లీడ్స్ నుంచి జోడీ అనే అమ్మాయి వచ్చింది. ఫోటోలో నిలబడాల్సిన జంట మాత్రం రాలేదు. ఫోను చూపించిన దారిని నమ్ముకుని కారును తిన్నగా బురదలోకి తోలారట.

"పర్లేదండీ, ఖాళీ ఇల్లే తీసేస్తాను," అంది జోడీ.

సరిగ్గా అప్పుడే విల్ఫ్ ట్రాక్టరు గేటు ముందు ఆగింది. హెస్టర్ గుండె గంతేసింది. ఆ వెనకే నోరు కూడా గంతేసింది.

"విల్ఫూ! ఆ కట్టెలక్కడ పడేసి ఇట్రా. కాసేపు నాకు మొగుడిలా నిలబడాలి."

కట్టెలు వాటంతటవే పడిపోయాయి. "ఎవరూ, నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ, నీ కుక్కా?"

"చేతులు బాగోలేవు, హెస్టరూ."

"నీ చేతులెవరిక్కావాలి? నా వెనక పెట్టేసుకో, కనబడవు."

గొర్రెల ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి, నవంబరులో గొర్రెల కాపరి చేతులు ఎందుకు బాగోవో తట్టాలి. తట్టలేదు. ఆ క్షణాన ఆమెకు తన పేరైనా తట్టేదో లేదో అనుమానమే.

పొయ్యి ముందు నిలబెట్టి జోడీ మొదలుపెట్టింది. "దగ్గరగా... ఇంకొంచెం... అయ్యో, ఆవిడేం కరవరండీ! గట్టిగా పట్టుకోండి."

విల్ఫ్ పట్టుకున్నాడు. ముందు నడుమెక్కడో వెతుక్కున్నాడు, తర్వాత దొరికింది. "హెస్టరూ, నా చేతులూ..." అని ఆమె చెవిలో గొణిగాడు.

"నోర్మూసుకుని నవ్వు," అంది హెస్టర్, పళ్ళన్నీ బయటపెట్టి.

ఫోటో అయిపోగానే అతను టోపీ అయినా తిప్పకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. హెస్టర్‌కు కాలు నేల మీద ఆననంటోంది. టీకి పాలు లేవని గుర్తొచ్చి, కోటు కూడా వేసుకోకుండా తెల్ల స్వెట్టరు మీదే మేవిస్ కొట్టుకు ఎగురుకుంటూ వెళ్ళింది.

కొట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. హెస్టర్ పాలసీసా కోసం అటు తిరిగిందో లేదో మాటలు ఆగిపోయాయి. ఒకామె దగ్గింది. ఆ దగ్గు దగ్గు కాదు.

"హెస్టరూ," అంది మేవిస్ గల్లాపెట్టె మీదికి వంగి, "ఏప్రిల్ ఒకటో తారీఖుకి ఎక్కడికీ వెళ్ళకే తల్లీ."

"ఎందుకు?"

"నీకు ఆ రోజుకి వస్తుంది లెక్క."

నలుగురూ ఒక్కసారి పగలబడి నవ్వారు. మేవిస్ ఆమెను కిటికీ అద్దం దగ్గరికి లాక్కెళ్ళి వెనక్కి తిప్పింది. తెల్ల స్వెట్టరు మీద రెండు నీలి అరచేతులు, పది వేళ్ళూ విడివిడిగా. ఒకటి నడుం మీద, రెండోది నడుం అనడానికి వీల్లేని చోట.

పొట్టేళ్ళను మందలోకి వదిలే రోజులవి. వదిలేముందు వాటి రొమ్ముకు చేత్తో నూనె రంగు పట్టిస్తారు. ఏ గొర్రె వెనక ఆ రంగు అంటితే దాని ముచ్చట తీరినట్టు, ఇక అయిదు నెలలకు ఈనే రోజు లెక్క కట్టుకోవచ్చు. ఈ ఏడు విల్ఫ్ రంగు నీలమని ఊరంతటికీ తెలుసు.

హెస్టర్ మొహం మండిపోతుండగానే తలుపు గంట మోగింది. విల్ఫ్. చేతిలో రంగు వదలగొట్టే మందు సీసా. ఆమె వీపును చూశాడు, ఆడవాళ్ళను చూశాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"చేతులు బాగోలేవని చెప్పాను కదా!"

"మా పొట్టేలు ఇలా ముందుగా చెప్పదమ్మా, నీదే నయం," అంది దగ్గినావిడ.

విల్ఫ్ అడుగు వెనక్కి పడింది. అది చూసి హెస్టర్ తన సిగ్గు మరిచిపోయింది. ఆ మనిషి సంగతి ఆమెకు తెలుసు. ఇప్పుడు ఈ తలుపు దాటాడంటే సిగ్గుతో ఇక కట్టెలు కూడా తేడు. ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే. ఆమెకు భయమేసింది, నిజంగా భయమేసింది.

"ఆ మందు నాకొద్దు," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "ఉండనీ."

విల్ఫ్ టోపీ తీశాడు. తిప్పాడు. నోరు తెరిచాడు. వాన సంగతేనని మేవిస్ కళ్ళు మూసుకుంది.

"శనివారం... కాటేజీ ఖాళీయేనా?"

హెస్టర్ అతని వైపు ఒక అడుగు వేసింది. "అది జంటలకే ఇస్తాను, విల్ఫ్."

"తెలుసు. అందుకే ఆరేళ్ళుగా అడగలేకపోయాను."

"ఖాళీయే," అంది హెస్టర్. కళ్ళు తడిసి, నవ్వు ఆగక, పాలసీసా ఎక్కడ పెట్టాలో తెలియక గుండెకు హత్తుకుంది.

"అదేంటే," అంది మేవిస్, "శనివారం హల్ పట్నం నుంచి ఎవరో కొత్త జంట వస్తున్నారన్నావుగా?"

"వాళ్ళకి పొగగొట్టం కూలిందని చెబుతాలే!"