వెయ్యని దండోరా

ఇరవై రెండేళ్లుగా మొగలిలంకలో ఏ కబురైనా అహరోను డప్పు మీదుగా రావలసిందే. కలరా సూదులు వేసే డాక్టరు వస్తున్నాడన్నా, కాలవ కట్టేస్తున్నారన్నా, రేవు పాట ఫలానా రోజన్నా, ఆఖరికి మునసబుగారి చూడిగేదె తప్పిపోయిందన్నా, నాలుగు వీధులూ తిరిగి డప్పు కొట్టి గొంతు చించుకున్నది అతనే. ఊరి వెట్టి అతను. సర్కారు జీతం తీసుకుని మునసబు చెప్పిన పనల్లా చేసేవాడు. ఊళ్ళో పేపరు తెప్పించేది మునసబు జగ్గారావు ఒక్కడే, ఆ పేపరు ఆయన అరుగు దిగి ఎరగదు. సర్కారు ఏం తలపెట్టిందో జనానికి తెలియాలంటే అహరోను నోరు తెరవాలి. అలాంటివాడికి తన ఊరి కబురు ఏలూరులో, గొడుగులు బాగుచేసే అబ్దుల్ జబ్బారు కొట్టు ముందు తెలిసింది. ఒళ్ళు మండదూ?

తాలూకా కచేరీలో టపా ఇచ్చేసి, మునసబుగారి గొడుగు తీసుకుపోదామని వచ్చాడు. జబ్బారు పేపరు మడిచి పక్కన పెడుతూ పలకరించాడు.

"ఏమయ్యా అహరోనూ, అదృష్టమంటే మీ కొల్లేటివాళ్ళదే. ముంపు చేలకి సగం శిస్తు మాఫీ చేశారంట కదా!"

"మా ఊరికి అలాంటిదేం రాలేదండి."

జబ్బారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పేపరు విప్పాడు. "ఎందుకు రాలేదయ్యా? నవంబరులోనే ఆర్డరిచ్చారు. ముంపు ఊళ్ళన్నింట్లో దండోరా వేయించారు. నెలలోగా అర్జీ పెట్టుకున్నవాళ్ళకి మాఫీ. ఇదిగో, అర్జీలొచ్చిన ఊళ్ళ పేర్లన్నీ వేశాడు." వేలు పెట్టి కిందిదాకా చదివాడు. "మీ ఊరు లేదేంటి? మీవాళ్ళకి డబ్బులెక్కువయ్యాయా?"

"దండోరా వేస్తే నేను కదండీ వెయ్యాలి?"

"మరి అది నువ్వే చెప్పాలి."

ఆ ఏడు ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. అది చాలదన్నట్టు ఆశ్వయుజంలో బుడమేరూ తమ్మిలేరూ పొంగి కొల్లేరు ఊరి మీదికొచ్చింది. పొట్ట మీదున్న చేలు పద్దెనిమిది రోజులు నీళ్ళలో నాని కుళ్ళిపోయాయి. గింజ ఇంటికి రాకపోయినా శిస్తు మాత్రం పైసా తగ్గకుండా కట్టాలన్నాడు మునసబు. కట్టలేని ముప్పై ఇళ్ళవాళ్ళ పొలాలు ఇప్పుడు వేలానికి సిద్ధంగా ఉన్నాయి. మాఫీ అనే మాట ఊళ్ళో ఒక్కరి చెవిన పడలేదు.

కొల్లేటి గట్టు వెంట రేవుదాకా నడుస్తూ పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడు. పడవ దిగి తిన్నగా మునసబు అరుగు దగ్గరికి పోయి, గొడుగు కింద పెట్టి, దూరంగా నిలబడి అడిగేశాడు.

"అయ్యగారూ, మాఫీ దండోరా మనూళ్ళో ఎప్పుడేయించారండి?"

జగ్గారావు తడబడలేదు. పెట్టె తెరిచి ఒక కాగితం తీసి చూపించాడు. "నవంబరు ఇరవయ్యో తారీకున. నాలుగు వీధుల్లోనూ దండోరా వేశానని నువ్వే రిపోర్టిచ్చావు కదరా. ఒక ప్రతి కచేరీలో ఉంది, ఒకటి ఇదిగో. ఈ వేలిముద్ర ఎవడిది?"

అహరోనుదే. కొడవలి తెగి మధ్యలో గీత పడ్డ బొటనవేలు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఏటా ఉగాది వెళ్ళగానే, "మాటిమాటికీ నిన్ను పిలిస్తే నాకూ పని, నీకూ పని" అంటూ జగ్గారావు ఒక దస్తా తెల్లకాగితాల అడుగున అతని చేత వేళ్ళు వేయించుకునేవాడు. అవసరమొచ్చినప్పుడు పైన రాసుకునేవాడు. మునసబు వెయ్యమంటే వెట్టివాడు వెయ్యక చస్తాడా? పైగా నాలుగుసార్లు తిరగడం తప్పిందని సంబరపడ్డాడు కూడా, వెర్రివెధవ!

"ఆ తారీకున నేను ఊళ్ళోనే లేనండి. తాడేపల్లిగూడెంలో మీ మేనకోడలిగారి పెళ్ళికి పందిరి గుంజలు పాతుతున్నానండి."

"ఆ సంగతి కాగితానికి తెలీదురా," అన్నాడు జగ్గారావు చల్లగా. "తెల్లకాగితం మీద వేలేశానని ఎక్కడైనా కూశావో, ముందు నిన్నే జైల్లో తోస్తారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. పెళ్ళాం ఉంది. బుద్ధిగా ఉండు. ఈ వారంలో వేలం దండోరా వెయ్యాలి."

తాడేపల్లిగూడెం అనగానే అహరోనుకి మిగతాదంతా తెలిసిపోయింది. మునసబు బావగారికి అక్కడ రైసుమిల్లుంది. కిందటి నెల ఆయన వచ్చి ముంపు చేల గట్ల మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి అడుగులేసుకుంటూ తిరిగాడు. ఎండ తగలకుండా ఆయన నెత్తిన గొడుగు పట్టింది అహరోనే.

ఇంటికొచ్చి భార్య సువర్ణకి చెప్పాడు. ఆమె మిషను బడిలో చదువుకుంది, బైబిలు గడగడా చదువుతుంది. విన్నది విన్నట్టే పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది.

"అందులో ఏముందో చూడకుండా వేలెట్టేశావా?"

"ఏమీ లేదే. ఉత్త తెల్లకాగితం."

"అంతకంటే అన్యాయం! ఇంట్లో నేనుండగా, ఒక్కసారి, ఒక్కసారైనా సువర్ణా ఇది చదివి పెట్టవే అన్నావా? నీకు నేను మనిషిలా కనపళ్ళేదు, ఆ మునసబుకి నువ్వూ కనపళ్ళేదు. ఎల్లు. ఎల్లి ఊళ్ళో చెప్పు."

మర్నాడు పొద్దున్నే వెంకటనరసమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. భర్త పోయాక మూడెకరాలు సొంతంగా చేయించుకుంటున్న మనిషి ఆవిడ. ఆ మూడెకరాలే ఆవిడ కూడూ గుడ్డా. వేలం జాబితాలో మొదటి పేరు ఆవిడదే. మాఫీ ఆర్డరొచ్చిందని, తాను దండోరా వెయ్యలేదని మాత్రం చెప్పాడు. తెల్లకాగితాల సంగతి దాచేశాడు.

"అబ్బ, ఎంత గుండె తీసిన బంటురా ఈ జగ్గారావు! వరసకి మరిదని వాడి ఇంట్లో ప్రతి పండక్కీ అరిసెలు వండి పెట్టానే!" ఆవిడ కొంగు నడుముకి దోపింది. "పద, ఏలూరు పోదాం. ఆ తాసీల్దారుగారి ముందు ఇదే మాట చెప్పు."

కచేరీలో తాసీల్దారు ఫైలు తెప్పించాడు. అప్పటికే ఎవరు మోశారో కబురు, జగ్గారావు వచ్చి ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"దండోరా వెయ్యలేదంటావు. ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదేనండి."

"నీదైతే దండోరా వేసినట్టే కదా?"

అహరోను జగ్గారావు వైపు చూశాడు. జగ్గారావు మీసం దువ్వుకుంటున్నాడు. జైలు కళ్ళ ముందు మెదిలింది. అహరోను చేతులు నలుపుకున్నాడు, అంతే. ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు.

తాసీల్దారు ఫైలు మూసేశాడు. "చూడమ్మా, రికార్డు సరిగ్గా ఉంది. గడువు దాటిపోయింది. వేలం దండోరా వేసినట్టు రిపోర్టు రాగానే తేదీ ఖాయం చేస్తాం."

తిరిగి వచ్చేటప్పుడు వెంకటనరసమ్మ విసవిసా ముందు నడిచింది. రేవు దగ్గర పడవ ఎక్కబోతూ మాత్రం ఆగింది.

"ఏదో దాచావు, అహరోనూ. నీ మొహంలోనే కనపడుతోంది. దాచుకో నాయనా. నా పొలం పోతుంది, నీ జీతం నిలబడుతుంది."

ఆ మాటకి అతని తల తీసేసినట్టయింది. ముందు ఆవిడ మీద కోపమొచ్చింది, తరవాత మునసబు మీద, తాసీల్దారు మీద. చివరికి కోపమంతా వచ్చి తన మీదే పడింది. అప్పుడు తట్టింది ఇంకో సంగతి. రిపోర్టు రాగానే తేదీ అన్నాడాయన. వేలం దండోరా వెయ్యనని అహరోను మొండికేసినా ఏం లాభం? ఆ పెట్టెలో తన వేళ్ళు ఇంకా బోలెడున్నాయి. పైన నాలుగు ముక్కలు రాసుకుంటే అయిపోయింది. ఊరి పొలాలన్నీ, అతని నోటితో పని లేకుండా, అతని వేలితోనే పోతాయి.

"అమ్మగారూ," అన్నాడు, "పడవెక్కకండి. మీతో చెప్పాలి."

గట్టు మీదే అంతా చెప్పేశాడు. వెంకటనరసమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. సగం అతనికీ సగం మునసబుకీ పడ్డాయి. అన్నీ పడ్డాడు. తిట్టడం అయిపోయాక ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు నీ డప్పు తియ్యి," అంది.

సాయంత్రం, జనం చేల నుంచి ఇళ్ళకు చేరే వేళ, అహరోను డప్పు మోగింది. వేలం దండోరా వచ్చేసిందనుకుని ఆడా మగా ఏడుపు మొహాలతో బయటికొచ్చారు. అతను మాత్రం ఏ వీధిలోనూ ఆగి ఒక్క మాట చెప్పలేదు. కొట్టుకుంటూ మునసబు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనకాలే ఊరంతా వచ్చింది. సువర్ణ కూడా వచ్చింది.

"ఏంట్రా ఈ గోల?" అంటూ జగ్గారావు అరుగు మీదికొచ్చాడు.

"నా వేళ్ళు నాకిచ్చెయ్యండి, అయ్యగారూ."

"పిచ్చెక్కిందా నీకు? ఏం వేళ్ళురా?"

"తెల్లకాగితాల మీద ఏయించుకున్నవండి. పెట్టెలో ఉన్నయ్యి."

"అలాంటివేం లేవు! ఫో ఇక్కణ్ణించి!"

అహరోను ఆ గుమ్మం ఎక్కడానికి లేదు. అతని తాతా ఎక్కలేదు, తండ్రీ ఎక్కలేదు. వెంకటనరసమ్మకి ఆ అడ్డు లేదు. "నా మరిది ఇంట్లోకెళ్ళడానికి నాకెవడి సెలవూ అక్కర్లేదు" అని, జగ్గారావు చెయ్యి అడ్డం పెడుతున్నా తోసుకుని లోపలికెళ్ళిపోయింది. ఆయన భార్య శేషారత్నం గుమ్మంలోంచి పక్కకి జరిగింది. నిమిషంలో వెంకటనరసమ్మ ఒక కాగితాల కట్టతో బయటికొచ్చింది. తెచ్చి సువర్ణ చేతిలో పెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి కదే. అందరికీ వినపడేలా చదువు."

సువర్ణ పై కాగితం తీసి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. దాన్ని తిప్పి జనానికి చూపించింది.

"ఏమీ లేదండి. అడుగున మా ఆయన వేలుంది. పైన ఏమీ లేదు." రెండోది తీసింది. "ఇందులోనూ ఏమీ లేదు." మూడోది తీసింది. "ఇందులోనూ లేదు."

మాఫీ సంగతి, మిల్లు బావగారి సంగతి వెంకటనరసమ్మ గొంతెత్తి చెబుతుంటే జనంలోంచి ఒక్కసారిగా అరుపులు లేచాయి. గంగరాజు అనే కుర్రరైతు, రెండెకరాలు వేలంలో ఉన్నవాడు, సువర్ణ దగ్గరికి ఉరికి కాగితాలు లాక్కోబోయాడు. "తగలెట్టండి వాటిని! వీణ్ణి కూడా తగలెట్టండి!"

"వద్దు బాబూ!" అహరోను అడ్డం తిరిగాడు. ఊళ్ళో ఒక రైతుకి అతను అడ్డం తిరగడం అదే మొదటిసారి. "తగలెడితే మళ్ళీ నా మాటే మిగులుద్ది. నా మాట ఎవడూ నమ్మడు. ఇయ్యి తాసీల్దారుగారు కళ్ళారా చూడాలి. మీరంతా నా ఎనకాల ఉండాలి."

జగ్గారావు అయినా బెదిరింపు మానలేదు. "చూస్తాడ్రా! చూసి నిన్నే లోపలేస్తాడు. దొంగ రిపోర్టులకి వేలిచ్చినవాడివి నువ్వు. నీ ఉద్యోగం పోయినట్టే. నేను రూపాయి జరిమానా కట్టి బయటికొస్తాను, నువ్వు రావు."

"ఆయ్, నిజమేనండి," అన్నాడు అహరోను. "ఆ భయంతోనే పొద్దున్న నోరు మూసుకున్నానండి. సిగ్గులేక."

సువర్ణ అతని వైపు చూసింది. వద్దనలేదు. కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది, ఎవరూ ముట్టుకోకుండా.

అహరోను డప్పు మెడకి తగిలించుకుని, మునసబు గుమ్మం ముందే మూడుసార్లు మోగించాడు. తరవాత, ఇరవై రెండేళ్లుగా సర్కారు మాటలు చెప్పిన ఆ గొంతుతోనే, ఎవరూ రాసివ్వని దండోరా మొదలుపెట్టాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసేదేమంటే! ముంపు చేలకి సర్కారువారు సగం శిస్తు మాఫీ ఇచ్చారహో! ఆ కబురు మీకు చేరకుండా దొంగ రిపోర్టుకి వేలేసింది ఈ ఊరి వెట్టి, యాకోబు కొడుకు అహరోను! రేపు పొద్దున్న తాలూకా కచేరీలో వాడు తన నేరం ఒప్పుకుంటాడు! ముంపు రైతులంతా వచ్చి సాక్ష్యం ఇవ్వవలసిందహో!"

"ఆపరా!" అని అరిచాడు జగ్గారావు. "ఎవడు వెయ్యమన్నాడురా నిన్ను?"

ఇంకా మూడు వీధులున్నాయి. అహరోను డప్పు కొట్టుకుంటూ రెండో వీధిలోకి తిరిగాడు.