తొంభై ఎనిమిదో కేసెట్టు దాకా

మా తమ్ముణ్ణి ఇంటా బయటా అందరూ ఆఫీసరు అంటారు. ఆ పేరు ముద్దుకి పెట్టింది నేనే. ఇప్పుడు దాన్ని పలకాలంటే ఒళ్లు మండుతోంది. చదువుకున్నవాడు కదా అని అక్క గొంతు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. ఏం చేశాడో వినండి.

నాది బస్సులు ఆగే చోట ఆరడుగుల కొట్టు. మెమరీ కార్డుల్లో, పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించి ఇస్తాను. వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఇందులో ఎన్ని పాటలు పడతాయి?" ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణే అయినా ఆ లెక్క నాకు నోటికి వచ్చు. పాటలు లెక్కపెడితే తేలదు, నిమిషాలు లెక్కపెట్టాలి. బాగా కుదించిన పాటయితే నిమిషానికి ఒక ఎంబీ. ఉన్నదున్నట్టు పెడితే నిమిషానికి పది పైమాటే. అదే కార్డులో ఒకడికి పదిహేను వేల పాటలు పడతాయి, ఇంకొకడికి పదిహేను వందలే.

ఇంకో అలవాటుంది నాకు. కార్డు ఇచ్చే ముందు చివరి పాట మోగించి చూపిస్తాను. మొదటి పాట ఎవడెక్కించినా మోగుతుంది. చివరిది మోగితేనే పని అయినట్టు.

అక్క పద్దెనిమిదేళ్లు వేదికల మీద పాడింది. ఆమె హార్మోనియం, టేపు రికార్డరు మోయడానికే నేను బడి మానేశాను. ప్రతి కచేరీ రికార్డు చేశాను. మొత్తం నూట యాభై కేసెట్లు. నాలుగేళ్ల కిందట గొంతులో గడ్డకి ఆపరేషనయింది, అక్క మాట పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది.

కేసెట్లకి బూజు పట్టడం మొదలయ్యాక రెండేళ్లు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. కేసెట్టుకి రెండు వైపులు, వైపుకి ఒక ఫైలు, మూడు వందల ఫైళ్లు, అన్నీ ఒకే ఒక్క డిస్కులో. ఒక్కటీ కుదించలేదు. కుదిస్తే చరణానికీ చరణానికీ మధ్య అక్క ఊపిరి తీసుకోవడం వినపడదు. ఎక్కించిన కేసెట్లని పారేసింది మాత్రం నేనే. ఆ తప్పు నాది, కాదనను.

అక్క ఇంట్లో వినడానికి రెండో కాపీ చేయిద్దామనుకున్నాను. వాడి కంపెనీలో డిస్కులు చవగ్గా దొరుకుతాయని ఆఫీసర్ని అడిగాను.

"ఎన్ని పాటలేంటి?" అన్నాడు.

"మూడొందల ఫైళ్లురా. చాలా పెద్దవి. కనీసం రెండొందల జీబీ డిస్కయినా తే."

నవ్వాడు. "అన్నయ్యా, నువ్వింకా కేసెట్ల కాలంలోనే ఉన్నావు. పాటకి అయిదు ఎంబీ వేసుకో. మూడొందలైదులు పదిహేను వందలు. ఒకటిన్నర జీబీ! అరవై నాలుగు జీబీ పెన్‌డ్రైవు పడేస్తే ఇంకో పదివేల పాటలకి చోటుంటుంది."

"ఒరేయ్, లోపల ఎంతసేపున్నాయో చూడకుండా లెక్కేస్తావేంట్రా?"

"చిన్నప్పటి నుంచీ లెక్కల్లో నాకెన్ని మార్కులో నీకు తెలీదా?"

ఎందుకు తెలీదు? ఆ మార్కులకి ఫీజులు కట్టింది అక్క గొంతే.

"సరే, కాపీ చెయ్యి. పాత డిస్కు మాత్రం ముట్టుకోకు," అని ఇచ్చాను.

పది రోజులకి భార్యతో సహా దిగాడు. అక్క ముందు కూర్చుని పెన్‌డ్రైవు పెట్టి మొదటి ఫైలు నొక్కాడు. ఇరవయ్యేళ్ల వయసు అక్క గొంతు గదంతా నిండింది. అక్క కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తోంది. మరదలు కొంగుతో కళ్లొత్తుకుంది. ఆఫీసరు మాత్రం కప్పు గెలిచినవాడిలా నావైపు చూశాడు.

నేను చివరి ఫైలుకి వెళ్లాను. తొంభై ఎనిమిది, రెండో వైపు. ఆ తర్వాత ఏమీ లేదు.

"మిగతావేవిరా?"

"అన్నీ వేశానే! మధ్యలో ఏదో చోటు చాలదని వచ్చింది. లెక్క ప్రకారం చాలాలి కదా, కంప్యూటర్ తిక్కనుకుని దాటవేయమని నొక్కాను."

"పాత డిస్కేది?"

వాడు భార్యవైపు చూశాడు. మరదలే అందుకుంది. "మా తమ్ముడి పెళ్లి వీడియోలకి చోటు లేక అందులో వేసుకున్నాం బావగారూ. తుడిచేసి నీట్‌గా వాడుకుంటున్నాం."

"నీట్‌గానా?" అన్నాను. ఇంకో మాట వస్తే ఏం చేసేవాణ్ణో. చెయ్యి లేచిన మాట నిజం. అక్క నా మణికట్టు పట్టుకుంది.

మర్నాడు నేనూ ఆఫీసరూ, పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే మనిషి దగ్గరికి డిస్కు పట్టుకెళ్లాం. సగం రోజు కూర్చోబెట్టి, "డిస్కు నిండా పెళ్లే సార్," అన్నాడతను. "కింద ఉన్నది రాదు. మళ్లీ మళ్లీ తిప్పితే డబ్బు తీసుకుంటాను గానీ, రాదు."

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో పలక పట్టుకుని ఉంది. "నూట పన్నెండు?" అని రాసింది. అమ్మ వేదికెక్కి అక్కతో గొంతు కలిపిన ఒకే ఒక్క కేసెట్టు అది. నేను తల అడ్డంగా ఊపాను. అక్క పలక తుడిచి, మళ్లీ రాయబోయి, బలపం కిందపెట్టి లోపలికెళ్లింది. గొంతున్న మనిషయితే ఏడుపైనా వినిపించేది.

ఆఫీసరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. వాణ్ణి చదివించడానికి అక్క జ్వరంలో కూడా పాడిన ఏళ్లన్నీ తొంభై తొమ్మిదో కేసెట్టు నుంచే మొదలు. మొదటివి పోయినా ఇంత మండేది కాదు.

"పొరపాటయింది అన్నయ్యా. సూటిగా మాట్లాడుకుందాం. నష్టం ఎంతో చెప్పు, ఎంతైనా ఇచ్చుకుంటాను."

"చెబుతాను, రాసుకో. లెక్కల్లో దిట్టవి కదా," అన్నాను. కొట్లోంచి నా నోటుబుక్కు తెచ్చాను. ప్రతి వైపుకీ ఎన్ని నిమిషాలో అందులో నా చేతిరాతతో ఉంది. వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడుతూ పోయాను, వాడు చూస్తుండగానే, కాలిక్యులేటర్ లేకుండా.

యాభై రెండు కేసెట్లు. నూట నాలుగు వైపులు. యాభై మూడు గంటల నలభై నాలుగు నిమిషాలు.