కూర్చున్న కొలత

లొల్లి కొత్త తువ్వాలు దగ్గర మొదలైంది. చుట్టాలొస్తే ఇవ్వడానికని ఆండాలు మడత విప్పకుండా పెట్టె అడుగున దాచిన తువ్వాలు అది. అత్తగారు నాగమణమ్మ దాన్ని పైకి తీసి, ఐసు ముక్కలు చుట్టి, కొడుకు పక్కలో పెట్టింది.

"ఇంట్ల ఇంకో బట్టే దొర్కలేదా అత్తమ్మా?"

"నా కొడుకు కంటె నీ తువ్వాల ఎక్కువైందా?"

అంతే. ఆ పూట అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇద్దరూ మంచం మీది రామ్‌చందర్‌తోనే మాట్లాడారు. అతను దాహమంటే ఇద్దరూ చెరో గ్లాసు తెచ్చారు. ఎవరినీ కాదనలేక రెండూ తాగాడు.

ఆ కోపంలోనే తువ్వాలు పిండబోయిన ఆండాలు ఆగిపోయింది. తువ్వాలుతో పాటు దుప్పటి తడిసింది, కట్టూ తడిసింది. కుట్లు తడవకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు.

రామ్‌చందర్ సిటీ బస్సు కండక్టరు. వరిబీజానికి ఆపరేషన్ అయి వారం కాలేదు. చిన్న ఆపరేషనే. డిపోలో మాత్రం కడుపు ఆపరేషనని చెప్పి సెలవు పెట్టాడు, అసలు సంగతి తెలిస్తే ఏడిపించి చంపుతారని. గౌలిపురలో ఇంటికొచ్చాక, ఆ మే నెల ఎండల్లో, వాపు తగ్గకపోగా పెరిగింది. సోమవారం చూసిన డాక్టరు మొహం చిట్లించాడు. కిందికి వేలాడకుండా ఎత్తి కట్టాలి, చల్లగా ఉంచాలి, తడి తగలనివ్వకూడదు. శనివారానికి వాపు దిగకపోతే మళ్లీ కోసి, లోపల గడ్డకట్టిన నెత్తురు తీయాల్సి వస్తుందన్నాడు. అప్పటి నుంచి రామ్‌చందర్ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

ఆండాలు పి.యు.సి. చదివింది. ఆ గల్లీలో నాలుగిళ్ల జాకెట్లు ఆమె మిషను మీదే తయారయ్యేవి. చంక దగ్గర వెంట్రుకంత ముడత కనబడినా, తొడుక్కునే మనిషి పరవాలేదన్నా సరే, విప్పి మళ్లీ కుట్టేది. ఎత్తి పట్టాలి, చల్లబరచాలి, తడపకూడదు. మూడు పనులూ ఒక్క గుడ్డే చేయాలి. అలాంటిది బజారులో దొరకదు. కాబట్టి కుట్టాలి.

మెత్తబడిన పాత ధోవతి చింపి నడుముకు పట్టీ, ముందు రెండు పొరల సంచీ, వెనక్కి పోయే పట్టీలు రెండూ కుట్టింది. పొరల మధ్య ఒక జేబు వదిలింది. ఆ జేబులో ఏం పెట్టాలన్నదే చిక్కు. సైకిలు ట్యూబు ముక్కలో ఐసునీళ్లు పోసి రెండు కొసలూ బిగించి చూసింది. ఆ బరువుకు సంచీ మొత్తం కిందికి లాగింది. రామ్‌చందర్ పళ్లు బిగబట్టి తీసేయమన్నాడు.

మధ్యాహ్నం నాగమణమ్మ కొడుక్కి ఐసు వేసి సబ్జా గింజల షర్బతు చేసింది. సగం తాగి వదిలేశాడు. చాలాసేపటికి గ్లాసు కడగబోతే, అడుగున ఉబ్బిన గింజలు ఆండాలు వేళ్లకు జివ్వుమన్నాయి. ఐసు ఎప్పుడో కరిగిపోయింది. పిడికిట్లోకి తీసుకుని నొక్కింది. నీళ్లలా కారిపోకుండా చెయ్యి ఎలా వంచితే అలా ఒదిగాయి.

నానిన సబ్జాను చిన్న ప్లాస్టిక్ సంచీలో పోసి, మూతిని కొవ్వొత్తి మంట మీద కరిగించి అతికించింది. మొదటిది కాలి చిల్లుపడింది. రెండోది నిలిచింది. అలాంటివి మూడు చేసి, ఒకటి ఆ జేబులో ఉంటే రెండు ఐసు డబ్బాలో ఉండేలా చూసింది. ప్లాస్టిక్ పైన పట్టే చెమ్మ పీల్చడానికి ఫ్లానెల్ ముక్క చుట్టింది. గడియారం చూసి పావుగంట పెట్టడం, తీసేయడం.

పడుకున్నంతసేపు ప్రాణానికి హాయిగా ఉందన్నాడు. అన్నానికి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగానే వెనక పట్టీ గుంజి, ముందు గుడ్డ కుట్టు మీద ఒరుసుకుంది. విప్పి చూస్తే కట్టు మీద నెత్తురు చుక్క.

"సాలు ఆండాలూ. మళ్ల కోస్తె కోయనీ."

ఆండాలు పట్టీ విప్పింది. మర్నాడు వదులు చేస్తే, నిలబడ్డప్పుడు వేలాడింది. బిగిస్తే, కూర్చున్నప్పుడు గుంజింది. రెండోసారి కూడా పట్టీ కుట్లు విప్పుతుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్న నాగమణమ్మ, తువ్వాలు గొడవ తర్వాత మొదటిసారి కోడలితో మాట్లాడింది.

"శాలిబండల కుస్తీల తాలీంఖాన పక్కన ఖాజామియా ఉన్నడు. పహిల్వాన్లకు లంగోట్లు కుడ్తడు. అడుగుదాం పా."

మగవాళ్లు వచ్చిపోయే దుకాణం. ఆండాలు వెనకాడింది. నాగమణమ్మ ఆ గుడ్డను అప్పటికే పాత పేపర్లో చుట్టి చంకన పెట్టుకుంది.

ముసలి ఖాజామియా అది ఎవరి కోసమని అడగలేదు. కళ్లద్దాలు తగిలించుకుని లోపలా బయటా తిరగేసి చూశాడు. కుట్టు సన్నగా ఉందని మెచ్చుకున్నాడు.

"నాప్ నిలవెట్టి తీస్కున్నవా బేటీ?"

"ఔ. ఎవల కొలతైన గట్లనే తీస్త."

"జాకీట్‌కు గట్లనే. గిది వేరే. పహిల్వాన్‌కు నిలవడ్డప్పుడు ఒక నాప్, బైఠక్ గొట్టి కూసున్నప్పుడు ఒక నాప్. రెండిట్ల ఫరక్ ఎంతుంటె గంత గుడ్డ ఐమూలకు కత్తిరించి అతకాలె. గదే సాగుతది, గదే దగ్గరికొస్తది."

ఆండాలుకు తల తీసేసినట్టయింది. రోజుకు మూడుసార్లు నేల మీద కూర్చునే మనిషిని గోడకు నిలబెట్టి కొలిచింది. జాకెట్ల అలవాటు.

ఇంటికొస్తూనే రామ్‌చందర్‌ను పీట మీద కూర్చోబెట్టి మళ్లీ కొలిచింది. నాలుగు వేళ్ల తేడా. ఐమూలగా కత్తిరించిన ముక్క వెనక అతికింది. కూర్చున్నాడు, లేచాడు, గడప దాటి వచ్చాడు. గుంజలేదు, జారలేదు. ఆ పైన గడియారం తప్పకుండా సబ్జా సంచీలు మార్చింది. ఆమెకు కునుకు పట్టినప్పుడు నాగమణమ్మ మార్చింది. శుక్రవారానికి రామ్‌చందర్ గోడవైపు తిరగడం మానేశాడు.

శనివారం డాక్టరు చూసి, మళ్లీ కోసే పని లేదన్నాడు. ఆ తర్వాత ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని, ఎక్కడిదని అడిగాడు. చార్మినార్ దగ్గర దుకాణంలో కొన్నానని రామ్‌చందర్ చెప్పడం, తెర ఇవతల నిలబడ్డ ఆండాలుకు వినబడింది. వార్డులో ఇంకో ముగ్గురు తడి తువ్వాళ్లతో అవస్థ పడుతున్నారనీ, సోమవారం ఇదే సైజువి మూడు తెచ్చిపెట్టమనీ డాక్టరు అడిగాడు. తెస్తానన్నాడు రామ్‌చందర్.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తకూ భర్తకూ వడ్డించి, ఎప్పటిలా నిలబడకుండా తనూ కంచం పెట్టుకుని వాళ్లతో పాటే కూర్చుంది.

"సోమారం దవాఖానకు నేను గూడ వస్త," అంది. "దుకాణంల కొన్ననని చెప్తిరి. డాక్టరు సాబ్ గదే సైజువి తెమ్మన్నడు. మీ కొలతది ఇంకొకలకు కడితె వాళ్ల కుట్లు తెగుతయి. కుట్టింది నేనని నేనే చెప్త."

రామ్‌చందర్ పప్పన్నం కలుపుతూ తల దించుకున్నాడు. నలుగురికీ తెలిసిపోతుందని గొణిగాడు. ఆమె అతనికి ఇంకో గరిటె పప్పు వేసింది.

"మరి ఆ మొగోళ్లకు నాప్ నువ్వెట్ల తీస్తవ్?" అన్నాడు గెలిచినట్టు.

"నేను తియ్య. మీరు తీస్తరు. నిలవెట్టి ఒకటి, కూసోవెట్టి ఒకటి. రేపు పొద్దుగాల నేర్పిస్త."

నాగమణమ్మకు నవ్వుతో పొలమారింది. ఇంత మందికి టికెట్లు కొట్టేవాడికి ముగ్గురికి టేపు పట్టడం ఒక లెక్కా అంది. రామ్‌చందర్ తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఎవరూ అతని పక్షాన లేరు.

ఆండాలు అతని కంచంలో మజ్జిగ పోసింది.

"సోమారం కొలతలు తెద్దాం. మంగళారం పొద్దూకే వరకు మూడూ కుట్టి ఇస్త," అంది.