లోలో డొమీ రేవు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వసుమతి పక్క అపార్ట్‌మెంట్‌లో లోలో డొమీ పక్కన కూర్చుని టీవీలో సెబూ లైవ్ పెట్టింది. అమెరికాలోని పిస్కాటవేలో ఎండ వాలుతోంది. ఫిలిప్పీన్స్‌లో అప్పుడే శనివారం తెల్లవారుజాము ఐదు. ఇంకో గంటలో సెబూ నగరపు బాల యేసు విగ్రహాన్ని పడవలో ఊరేగిస్తూ రేవుకి తీసుకొస్తారు. జనవరి మూడో ఆదివారం జరిగే పండగకి అది ముందురోజు వేడుక. రేవు గట్టు మీద జనం చీకట్లోనే కిక్కిరిసి ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి.

వసుమతిది కాకినాడ. సెబూలో ఆరేళ్ళు మెడిసిన్ చదివింది. పెళ్ళయ్యాక పవన్‌తో ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. అమెరికా డాక్టర్ల పరీక్షలన్నీ పాసైనా ఏ హాస్పిటల్లోనూ రెసిడెన్సీ సీటు రాలేదు. H4 వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. నిరుడు లిఫ్ట్ దగ్గర ఒక ముసలాయన తనలో తాను బిసాయా భాషలో గొణుక్కోవడం విని "ఎక్కడికి వెళ్తున్నారు లోలో?" అని అదే భాషలో పలకరించింది. లోలో అంటే తాత. ఆయన చేతికర్ర వదిలేసి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆయన పేరు డొమినడోర్. వయసు ఎనభై మూడు. సెబూ పియర్ల మీద, అంటే ఓడలు ఆగే గట్ల మీద, ముప్పై ఏళ్ళు చెకర్‌గా చేశాడు. ఏ ఓడ ఏ పియర్‌కి వచ్చింది, ఏ సరుకు ఏ ఓడ ఎక్కాలి అన్నది చూసే పని. మతిమరుపు జబ్బు ముదిరి ముందు ఇంగ్లిష్ పోయింది, తర్వాత తగాలోగ్ పోయింది. బిసాయా ఒక్కటే మిగిలింది. కూతురు రోవెనా నది అవతల హాస్పిటల్లో నర్సు. ఆయన్ని చూసుకునే ఆయా రాని రోజుల్లో వసుమతి వచ్చి కూర్చునేది. జీతం లేదు, అలాంటి మాట కూడా ఎప్పుడూ రాలేదు. ఆరేళ్ళు బతికిన ఊరి కబుర్లు ఆమెకి ఇంకెక్కడా దొరకవు.

ఆ కబుర్లు ఆయన తన ఇంట్లో జరిగినట్టే చెప్పేవాడు. "స్పెయిన్ ఓడల్లో మగెల్లాన్ వచ్చాడు, మా రాణికి ఈ బాల యేసు విగ్రహం ఇచ్చాడు. బాగానే ఉంది. అంతటితో ఊరుకున్నాడా? జలసంధి దాటి మక్తాన్ దీవికి వెళ్ళి కత్తి దూశాడు. మావాళ్ళు మోకాలి లోతు నీళ్ళలోనే నరికేశారు. నలభై నాలుగేళ్ళకి మళ్ళీ స్పెయిన్ వాళ్ళొచ్చి ఊరు తగలబెడితే, కాలిన గుడిసెలో పెట్టెలో ఆ బాలుడు చెక్కుచెదరకుండా ఉన్నాడు!" అని తొడ మీద కొట్టుకునేవాడు. ఆ బాలుడు రాత్రిళ్ళు ఊళ్ళో తిరిగొస్తాడనీ, పొద్దున్నే చూస్తే అంగీ అంచున గడ్డిముళ్ళు అంటుకుని ఉంటాయనీ ఆయన నమ్మకం. "మా దేవుడు కుదురుగా ఇంట్లో ఉండే రకం కాదు, ఇందాయ్." ఇందాయ్ అంటే అమ్మాయీ అని.

వసుమతికి కూడా ఆ ఊళ్ళో ఒక జ్ఞాపకం ఉంది. చివరి ఏడాది పరీక్ష తప్పుతానన్న భయంతో గుడి ముందు కొవ్వొత్తులమ్మే ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలమ్మ కొవ్వొత్తి చేత్తో పట్టుకుని రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తూ, వసుమతి తరఫున నాట్యం చేస్తూ, ఆమె పేరూ, ఆమె తల్లి సూర్యకాంతం పేరూ నానా తంటాలూ పడి పలికింది. వసుమతి పరీక్ష పాసైంది.

టీవీలో కెమెరా రేవు మీదికి వాలింది. లోలో ముందుకి వంగి అడిగాడు. "పియర్ ఎక్కడ?"

అప్పుడే వసుమతి ఫోన్ మోగింది. పెన్సిల్వేనియా నంబర్. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న కాల్ అది కావచ్చు. ఆమె లేచింది.

"పియర్ ఎక్కడ, ఇందాయ్?"

"కిందే, లోలో," అని స్క్రీన్ అడుగున కనిపిస్తున్న దీపాల వైపు వేలు చూపించి, డప్పుల మోత వినపడకుండా బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

హాస్పిటల్ వాళ్ళే. ఎవరో రావట్లేదట, సోమవారం ఇంటర్వ్యూకి రాగలరా అని అడిగారు. ఆమె వస్తానంది, వివరాలు రాసుకుంది, రెండుసార్లు థాంక్స్ చెప్పింది. పదకొండు నిమిషాలు పట్టింది.

బయటికొచ్చేసరికి సోఫా ఖాళీగా ఉంది. వీధి తలుపు తెరిచి ఉంది.

బాత్‌రూమ్, వంటగది, బాల్కనీ చూసింది. "లోలో!" అని అరుస్తూ కారిడార్ చివరిదాకా పరిగెత్తింది. లిఫ్ట్ కిందనే ఉంది. వెనక్కొచ్చి చూస్తే ఆయన కోటు కొక్కేనికే వేలాడుతోంది. చేతికర్ర లేదు. ఇంట్లో వేసుకునే చెప్పులు లేవు. బయట ఇరవై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఫోన్ చూపిస్తోంది. ఆరుబయట నీళ్ళు గడ్డకట్టే చలి.

911కి చేసింది. రోవెనాకి చేసింది. "ఆతే, లోలో కనిపించట్లేదు." ఆతే అంటే అక్క.

"కనిపించకపోవడం ఏమిటి? నువ్వు అక్కడే ఉన్నావుగా?"

"ఉన్నాను. పక్క గదిలో ఉన్నాను."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. "వస్తున్నా," అని రోవెనా లైన్ కట్ చేయకుండానే నడవడం మొదలుపెట్టింది.

ఆ లైన్ హోల్డ్‌లో పెట్టి పవన్‌కి చేస్తే అతను మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చి గుసగుసగా మాట్లాడాడు. "వసూ, పోలీసులు వస్తే ఎక్కువ మాట్లాడకు. నువ్వు కేర్‌టేకర్ అన్నావనుకో, H4 మీద వర్క్ చేస్తోంది అంటారు. జస్ట్ నైబర్ అని చెప్పు. ఫోన్ మాట్లాడుతున్నానని అస్సలు చెప్పకు. నెగ్లిజెన్స్ అంటారు."

"ముందు ఆయన దొరకాలి, పవన్."

"దొరుకుతారు. నేను చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకో."

నాలుగైదు నిమిషాల్లో పోలీసు వచ్చాడు. నడివయసు మనిషి, మెత్తగానే మాట్లాడాడు. ఏం బట్టలు వేసుకున్నాడు? గళ్ళ చొక్కా, నీలం స్వెటర్. మామూలుగా ఎక్కడికి వెళ్తాడు? ఫోన్ స్పీకర్లోంచి రోవెనా చెప్పింది. "చర్చికి వెళ్ళి ఉంటారు. ఆదివారం అక్కడ మా వాళ్ళందరి పండగ. చర్చి చూడండి." అతను రేడియోలో ఇంకో కారుని చర్చి వైపు పంపాడు.

చర్చి ఎత్తు మీద ఉంది, ఎగువకి నడవాలి. వసుమతి కిటికీలోంచి చూసింది. వాళ్ళ వీధి అటువైపు కాక ఇటు దిగువకి, రివర్ రోడ్ మీదుగా రారిటన్ నది ఒడ్డున ఉన్న పార్కు దాకా వాలుగా పోతుంది. పియర్ ఎక్కడ అని ఆయన అడిగాడు. రెండుసార్లు అడిగాడు. కిందే అని తను చెప్పింది.

చెప్పాలి. చెబితే ఫోన్ సంగతీ చెప్పాలి. పవన్ మాట చెవిలో గింగిరాలు తిరుగుతోంది. పోలీసు పుస్తకంలో ఏదో రాస్తున్నాడు. ఆ పెన్ను కదులుతున్నంతసేపూ ఆమె నోరు తెరవలేకపోయింది. తర్వాత చాలా రోజులు ఆమెని నిద్రపోనివ్వనిది ఆ అర నిమిషమే.

"చర్చికి కాదు," అంది. "ఆయన పియర్ ఎక్కడ అని అడిగాడు. నాకు ఫోన్ వచ్చింది. కిందే అని చెప్పేసి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ఆయన పడవల కోసం నదికి వెళ్ళాడు."

స్పీకర్లో రోవెనా ఒక్క మాట అంది. "వెళ్ళండి."

"మీరూ రండి," అన్నాడు పోలీసు వసుమతితో. "ఆయన భాష మీకొచ్చు."

పోలీసు కారు వెనక సీటు గట్టి ప్లాస్టిక్. ముందుకీ వెనక్కీ మధ్య ఇనుప జాలీ. రివర్ రోడ్ మీద ఆఫీసుల నుంచి తిరిగొచ్చే కార్లు ఆగకుండా పోతున్నాయి. ఈ రోడ్డు ఆయన ఎలా దాటి ఉంటాడు? అసలు దాటాడా? రోడ్డు పక్కన నల్లగా ఏది కనిపించినా ఆమె అద్దంలోంచి వంగి చూస్తోంది. ఒకటి చెత్త సంచి. ఇంకోటి తారు ముద్ద.

పార్కులో కారు ఆగగానే దిగబోయింది. తలుపు లోపలినుంచి తెరుచుకోదు. అతను చుట్టూ తిరిగొచ్చి తీసేదాకా అద్దానికి ముఖం ఆనించి చూస్తూ ఉండాల్సి వచ్చింది. సూర్యుడు చెట్ల వెనక్కి దిగిపోయాడు.

గడ్డి మీద నాలుగు రోజుల కిందటి మంచు పెళుసుబారి ఉంది. పిక్నిక్ బల్లల దాపున అడుగులు కనిపించాయి. రెండు చెప్పుల గుర్తులు, పక్కనే చేతికర్ర గుచ్చిన చిన్న బెజ్జం. వరసగా నీటివైపే వెళ్ళాయి. ఒకచోట ఒక చెప్పు ఊడి పడి ఉంది. అక్కణ్ణుంచి ఒక కాలిది వట్టి పాదం గుర్తు.

లోలో నదిలో నిలబడి ఉన్నాడు. ఒడ్డున పేరుకున్న పలచటి మంచు పగిలి, నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. కర్ర ముందుకి ఆన్చి, దిగువకేసి చూస్తున్నాడు.

"సర్!" అని పోలీసు అడుగు వేశాడు. ఆ కేక విని ఆయన ఇంకో అడుగు లోపలికి వేశాడు. నీళ్ళు మోకాలికి వచ్చాయి.

"ఆగండి," అంది వసుమతి. "దయచేసి కదలకండి."

ఆమె ఒడ్డుదాకా నెమ్మదిగా వెళ్ళింది. "లోలో, నేను."

"గట్టిగా అరవకు, ఇందాయ్. పడవలొచ్చే వేళ." ఆయన పళ్ళు టకటకా కొట్టుకోవాలి. కొట్టుకోవడం లేదు. ఒంట్లో వణుకు ఆగిపోయిందంటే చలి లోపలిదాకా దిగిందని ఆమె చదువుకుంది. "ప్రవాహం బలంగా ఉంది. అందుకే ఆలస్యం."

"చల్లగా ఉంది, ఇంటికి వెళ్దాం."

"స్వామి రాకుండానా?" ఆయన ముఖంలోకి కోపం వచ్చింది. కర్ర ఎత్తి ఇంకా ముందుకి గుచ్చాడు. అక్కడ లోతు ఎంతో ఎవరికీ తెలియదు.

బతిమాలితే రాడు. లాగితే పడతాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పార్కింగ్‌లో అంబులెన్స్ వచ్చి ఆగుతోంది. ఎర్ర దీపాలు, నీలం దీపాలు చెట్ల మీద తిరుగుతున్నాయి.

"లోలో," అంది, ఓడల ఆఫీసు గుమాస్తాలా విసుగ్గా. "పియర్ మార్చారు."

ఆయన తల తిప్పాడు. "ఏమిటి?"

"పియర్ త్రీకి మార్చారు. ఇప్పుడే చెప్పారు. అదిగో దీపాలు."

లోలో ఆ దీపాల వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ముఖమంతా చిరాకుతో నిండిపోయింది. "ఎప్పుడూ ఇంతే! ఆఖరి నిమిషంలో మారుస్తారు. కింద నిలబడేవాడికి ఒక్కడూ చెప్పడు. ముప్పై ఏళ్ళుగా ఇదే!" అని తిట్టుకుంటూ ఒడ్డు వైపు తిరిగాడు. మొదటి అడుగుకే తూలాడు. వసుమతి నీళ్ళలోకి దూకి నడుం పట్టుకుంది. రెండో పక్కన పోలీసు పట్టుకున్నాడు.

అంబులెన్స్‌లో ఆయన కళ్ళు మూతలు పడుతుంటే ఆమె ఆపకుండా మాట్లాడించింది. పెట్టెలో దొరికిన విగ్రహం ఎన్నేళ్ళకి దొరికింది, లోలో? చెప్పండి. ఎన్నేళ్ళకి? ఆయన పెదాలు కదిలాయి కానీ మాట ముద్దగా వచ్చింది. హాస్పిటల్లో ఒంటి వేడి చూస్తే ఎనభై తొమ్మిది డిగ్రీలే. వెచ్చటి సెలైన్లు ఎక్కించారు. రోవెనా నర్సు బట్టల్లోనే వచ్చి, తండ్రి చేయి పట్టుకుని, మానిటర్ చూసి, అప్పుడు వసుమతి వైపు తిరిగింది. తడిసిన ప్యాంటుతో నిలబడిన ఆమెని కిందినుంచి పైదాకా చూసింది.

"పదకొండు నిమిషాలు," అంది. అరవలేదు. "ఇంటికి వెళ్ళు, వసు."

లోలో బతికాడు. ఎడమ పాదంలో రెండు వేళ్ళు తీసేశారు. వసుమతి సోమవారం ఇంటర్వ్యూకి వెళ్ళింది, ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు. ఫలితం మార్చిలో గాని రాదు. పవన్ రెండు వారాలు రోజూ ఆఫీసు నుంచి రాగానే ముందు మెయిల్‌బాక్స్ తెరిచి చూసేవాడు. పోలీసుల నుంచి గాని, ఇంకెవరి నుంచి గాని ఏ కాగితమూ రాలేదు. "చెప్పి మంచి పనే చేశావులే," అన్నాడు ఒకరోజు, ఆమె అడక్కుండానే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం రోవెనా తలుపు కొట్టింది. కళ్ళకింద నల్లగా ఉంది.

"నాన్న అన్నం తినట్లేదు. నేనెవరో తెలియడం లేదు. ఇందాయ్ ఏదీ అంటున్నారు." లోపలికి రాలేదు. "నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ రా."

వీధి తలుపుకి కొత్త అలారం బిగించి ఉంది. లోలో మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. వసుమతి తినిపిస్తే నాలుగు ముద్దలు తిన్నాడు. నది గురించి, చలి గురించి ఒక్క ముక్కా గుర్తులేదు. కాసేపటికి నిద్రపోయాడు.

వంటగదిలో రోవెనా టీ పెట్టింది. "ఇరవై రెండేళ్ళకి ఆ ఊరు వదిలేశాను," అంది. "రేవు కబుర్లు మొదలుపెడితే చాలు, నాన్నా ఆపు, పనుంది అనేదాన్ని. ఇప్పుడు అడుగుదామంటే నన్ను గుర్తుపట్టరు. నీకేం చెప్పారు?"

"చాలా చెప్పారు, ఆతే."

"అయితే చెప్పు."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వసుమతి సెబూలో మొదటి పియర్ గట్టు మీద ఇరవై ఏళ్ళ డొమినడోర్ కాగితాలు చేత పట్టుకుని నిలబడిన వర్షపు రోజు నుంచి మొదలుపెట్టింది. రోవెనా బల్ల మీద మోచేతులు ఆనించి వింటోంది. లోపల మంచం కిర్రుమంది. ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఆయన పక్కకి ఒత్తిగిలి, మళ్ళీ గురక పెట్టేదాకా అలాగే ఉండి, కూర్చున్నారు.

"తర్వాత?" అంది రోవెనా.